చేయి జారిన యాపులు – మరల రాబట్టుకొను మార్గములు

మా యింటికి రెండిండ్ల యవతల నొక పెద్దావిడ కాపురమున్నారు. వీధివారందరును ఆమెను పిన్నిగారనియే పిలుతురు. గడచిన వేసవిలో నొకనాటి సాయంకాలము, ఆవకాయ పంపిన జాడీ తిరిగి యిచ్చి వత్తమని మేము వారి యింటికి పోయితిమి. ఎప్పుడును వసారాలో కూర్చుండి వచ్చువారిని పోవువారిని పలుకరించు నామె యానాడు లోపలిగదిలో ఫోను ఒడిలో పెట్టుకొని మాటలేక కూర్చుండియుండిరి. ఏమైనదని మేమడుగగా, “మీ బాబాయిగారి మాటలన్నీ పోయాయమ్మా” అనిరి.

సంగతి యేమనగా, సెలవులకు వచ్చిన నాలుగేండ్ల మనుమడు ఆడుకొనుచు వాట్సాప్ గుర్తును వ్రేలితో నొక్కిపట్టి, తెరపై నగపడినదెల్ల నొక్కి, దానిని కాస్త తొలగించివేసెను. ఎదురింటి పిల్లవాడు, పదవతరగతి చదువుచున్నవాడు, ఉపకారబుద్ధితోనే పరుగున వచ్చి అయిదు నిమిషములలో దానిని మరల దించిపెట్టెను. కాని తెరచిచూడగా నందులో పాత సంభాషణ యొక్కటియు లేదు. బాబాయిగారు కాలధర్మము చెంది రెండేండ్లయినది. అంతకుముందు వారు ఆరు మాసములు డాలసులో పెద్దకుమారునియొద్ద నుండిరి. ఆ దినములలో ప్రతి ప్రొద్దున తమ గొంతుకతో పలికి పంపిన చిన్నచిన్న మాటలు – మందు వేసికొంటివా, పాలవానికి డబ్బిచ్చితివా, పెరటితలుపు గడియ పెట్టితివా – ఇవన్నియు పిన్నిగారి ఫోనులో నిలిచియుండెను. ఆమె దినమునకొకటి చొప్పున వినుచుండువారట. పొరుగుననే యుండియు మాకా సంగతి యానాటివరకు తెలియదు.

ఆ మాటలేమైనవో తరువాత చెప్పెదము. ఇట్టి యాపద మన పాఠకురాండ్రలో ననేకులకు వచ్చియుండును, రాకున్న రేపు రావచ్చును. పసిపిల్లలున్న యింట ఫోను భద్రముగా నుండుట యెంత దుర్లభమో తల్లులకు మేము చెప్పనక్కరలేదు. కావున ఏది నిజముగా పోయినది, ఏది పోయినట్లు కనబడుచున్నది, దేనిని రాబట్టవచ్చును, దేనిని రాబట్టజాలము అను నాలుగు సంగతులను మాకు తెలిసినంతవరకు వ్రాయుచున్నాము.

మొదట గ్రహింపవలసిన దొకటి కలదు. యాప్ వేరు, యాప్ లోని సొమ్ము వేరు. పోపులపెట్టె పోయినచో బజారున నింకొకటి కొనితెచ్చుకొనవచ్చును. అందులోని ఆవాలు మెంతులు ఎక్కడనున్నవన్నది వేరుమాట. యాపు అనగా నా పెట్టె మాత్రమే. దానిని తయారుచేసినవారు అంగడిలో నుంచినంతకాలము ఎన్నిమారులైనను ఉచితముగా తెచ్చుకొనవచ్చును. లోపలి వస్తువులు కొన్ని యాపులలో ఫోనులోనే యుండును, కొన్నిటిలో దూరముననున్న యంత్రములలో మన ఖాతా పేర భద్రముగా నుండును. ఆ రెండవ తెగవాటికి భయములేదు. మొదటితెగవాటిని గూర్చియే జాగ్రత్త.

ఇక నీ “పోవుట” యనునది యన్నివేళలను నిజముగా పోవుట కాదు. మాకు తెలిసిన వారిలో నలుగురు “యాప్ పోయినది” అని వచ్చినయెడల నిద్దరి ఫోనులో నది యథాతథముగా నుండెను. ఆండ్రాయిడ్ ఫోనులో ముందుతెరపై గనబడు గుర్తులు కేవలము గుర్తులే. గుర్తును నొక్కిపట్టి “రిమూవ్” అనుచోటికి లాగినయెడల గుర్తు తొలగును, యాప్ తొలగదు. “అన్‌ఇన్‌స్టాల్” అనుచోటికి లాగినయెడల యాపే తొలగును. ఈ రెండు మాటలును తెరపై పక్కపక్కననే యుండుటచేత తికమక కలుగుచున్నది. కావున మొదట చేయవలసినదేమనగా, ముందుతెర అడుగుభాగమున వ్రేలు పెట్టి పైకి త్రోయవలెను. అప్పుడు ఫోనులోని యాపులన్నియు వరుసగా కనబడును. పైన వెదకుటకు ఖాళీగడి యుండును, అందు పేరు వ్రాసిచూడవలెను. అక్కడ నున్నచో, దానిని నొక్కిపట్టి ముందుతెరపైకి లాగివిడిచిన చాలును, పని తీరిపోయినది.

అక్కడను లేకున్న వెంటనే నిరాశపడరాదు. సామ్‌సంగ్ ఫోనులలో యాపులను దాచు నేర్పాటు కలదు. సెట్టింగులలో హోమ్ స్క్రీన్ అను భాగమున “హైడ్ యాప్స్” అనుచోట చూచిన, దాగియున్నవి బయటపడును. ఫోనుతోపాటే వచ్చిన కొన్ని యాపులను తొలగించుటకు వీలులేదు గాని నిద్రపుచ్చుటకు వీలు కలదు. అట్టివానిని సెట్టింగులలో “యాప్స్” అను పట్టికలో వెదకి “ఎనేబుల్” అని నొక్కిన మేల్కొనును. ఇంకొక విచిత్రము గూడ నీ మధ్య వచ్చినది. ఫోనులో చోటు చాలనప్పుడు, చిరకాలముగా వాడని యాపులను ప్లే స్టోరు తనంతతానే కుదించి పెట్టుట 2023 నుండి కలదు. మొదట దానికి మన సమ్మతి నడుగును గాని, అడిగినది మనకు జ్ఞాపకముండదు. అట్లు కుదింపబడినదాని గుర్తుపై చిన్న మేఘపు బొమ్మ యుండును. నొక్కినయెడల మరల దిగివచ్చును, లోపలివస్తువులును చెడవు.

నిజముగానే తొలగిపోయినదనుకొందము. అప్పుడు ప్లే స్టోరు తెరచి, పై కుడిమూలనున్న గుండ్రని బొమ్మను నొక్కవలెను. అందు “మేనేజ్ యాప్స్ అండ్ డివైస్” అనునది యుండును. దానిని తెరచి “మేనేజ్” అనుపుటకు పోవలెను. అక్కడ “ఇన్‌స్టాల్డ్” అని వ్రాసియున్న చిన్న గడిని నొక్కి “నాట్ ఇన్‌స్టాల్డ్” అనుదానిని ఎన్నుకొనవలెను. ఆ గూగుల్ ఖాతాతో మనమింతకుముందెప్పుడో దించుకొని యిప్పుడు లేనివాని పట్టికయంతయు కనబడును. పేరు మరచినవారికి ఈ పట్టిక యెంతయు నుపకారి. “అదేదో నీలపు గుర్తు, మధ్యను పక్షిబొమ్మ” అని మాత్రమే గుర్తున్నవారు బొమ్మను చూచి పోల్చుకొనవచ్చును. మాటలు కొన్ని ఫోనులలో కొంచెము మారియుండవచ్చును, ఫోను తెలుగులో పెట్టుకొన్నవారికి తెలుగుననే కనబడును, దారి మాత్రమిదియే. వెలయిచ్చి కొన్నవాటికి, అదే ఖాతాయైనచో రెండవమారు వెలయీయ నక్కరలేదు.

ఇందులో నొక చిక్కున్నది. మన యిండ్లలో ఫోను కొనినప్పుడు అంగడివాడో, బావమరిదో, కొడుకో ఏదో యొక ఖాతా తగిలించియిచ్చును. తరువాత నింకొకరు మరియొకటి తగిలింతురు. పట్టికలో కనబడకున్నయెడల ఖాతా మార్చి చూడవలెను. మీ ఫోనులో నెవరి పేర నెన్ని ఖాతాలున్నవో మీరెరుగుదురా? ఈ వ్యాసము ముగించిన పిమ్మట నొక్కమారు చూచుకొనుడు.

ప్లే స్టోరులోనే లేని యాపును రాబట్టు మార్గము లేదు. భారతప్రభుత్వము 2020 జూన్ నెలలో టిక్‌టాక్ మొదలగు 59 యాపులను నిషేధించినది. అట్టివి తొలగినచో తొలగినట్లే. ఎవరో పంపిన ఏపీకే అను దస్త్రము నొక్కి వానిని తెచ్చుకొనవచ్చునని చెప్పువారున్నారు. వారి మాట వినకూడదు. ఎందువలననో ముందు చెప్పెదము. మరియు పేరు వ్రాసి వెదకునప్పుడు ఒకేపోలికగల యాపులు పది కనబడును. గుర్తు క్రింద తయారుచేసినవారి పేరుండును, దానిని చదువక నొక్కకూడదు.

ఐఫోను వాడు సోదరీమణులకు పని యింకను సులభము. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 మొదలుకొని అందులో “యాప్ లైబ్రరీ” అను కొట్టుగది యొకటి ఏర్పడినది. తెరలన్నిటిని ఎడమకు త్రోయుచు పోగా కట్టకడపట నది వచ్చును. “రిమూవ్ ఫ్రమ్ హోమ్ స్క్రీన్” అని నొక్కినయెడల యాప్ అక్కడకు పోయి కూర్చుండును, “డిలీట్ యాప్” అన్న మాత్రమే నిజముగా పోవును. 2024లో వచ్చిన ఐఓఎస్ 18లో యాపులను దాచుటకు వేరుగా నొక సంచి గూడ పెట్టిరి. అది యాప్ లైబ్రరీ అట్టడుగున నుండును, ముఖము చూపినగాని తెరువబడదు. నిజముగా తొలగినదానికి యాప్ స్టోరులో పేరు వెదకిన చాలును. ఇదివరకు మనదియై యున్నచో “గెట్” అను మాటకు బదులు మేఘమునుండి బాణము దిగుచున్నట్లు బొమ్మ యుండును. ఐఫోనులో “ఆఫ్‌లోడ్” అనునది వేరు, “డిలీట్” అనునది వేరు. ఆఫ్‌లోడ్ చేసిన యాప్ పోవును గాని లోపలివస్తువులు ఫోనులోనే నిలుచును, మరల దించిన వెంటనే యెప్పటివలె కనబడును. డిలీట్ చేసిన రెండును పోవును. చోటు చాలదని తొలగింపదలచినవారు మొదటిదానినే పట్టుకొనవలెను.

కంప్యూటరు మాట. ఇంట చదువుకొను పిల్లలున్నవారికిది యవసరము. విండోస్ తెరపైనుండు గుర్తులలో ననేకము దారిచూపు బాణములే, ఎడమవైపున చిన్న వంపుబాణము గలదో లేదో చూడుడు. అది చెరిగినను కార్యక్రమము చెరుగదు. స్టార్ట్ నొక్కి పేరు వ్రాసిన దొరకును. చెరిపిన క్షణమే తెలిసికొన్నయెడల కంట్రోల్, జెడ్ మీటలు రెండును కలిపి నొక్కిన తిరిగివచ్చును. లేదా 1995 నాటినుండియు విండోస్ లో నున్న రీసైకిల్ బిన్, అనగా నా చెత్తబుట్ట, తెరచి, దానిపై కుడిమీట నొక్కి “రిస్టోర్” అనవలెను. షిఫ్ట్ మీట పట్టుకొని చెరిపినది మాత్రమా బుట్టలో పడదు. అట్లే “అన్‌ఇన్‌స్టాల్” చేసిన కార్యక్రమమును బుట్టలో వెదకుట వృథా, దానిని మరల స్థాపింపవలసినదే. మైక్రోసాఫ్ట్ స్టోరునుండి తెచ్చినవైనచో ఆ స్టోరులోని “లైబ్రరీ”లో పట్టిక యుండును. బజారున కొన్నవానికి కొన్ననాటి సంకేతసంఖ్య కావలసియుండును, ఆ కాగితమును పారవేయకుడు. మాక్ కంప్యూటరులో బుట్టకు లాగిన యాపు, బుట్ట ఖాళీ చేయనంతవరకు “పుట్ బ్యాక్” అనిన తనచోటికి తాను పోవును.

పెట్టెల మాట యింతటితో చాలును. అందులోని సొమ్మే మనకు ముఖ్యము.

మొదట డబ్బు. ఫోన్‌పే, గూగుల్ పే మొదలగునవి తొలగినయెడల డబ్బు పోయినదని యడలిపోవువారిని చూచితిమి. యూపీఐ అను నేర్పాటు 2016లో ప్రారంభమైనది. అందులో డబ్బెప్పుడును యాపులో నుండదు, బ్యాంకులోనే యుండును. యాప్ మరల దించి, బ్యాంకులో వ్రాయించిన నంబరు గల సిమ్ము ఆ ఫోనులోనే యుండగా తెరచినయెడల, ఫోను తానే యొక సందేశము పంపి మనలను గుర్తించును. ఆ సందేశము పోవుటకు సిమ్ములో చాలినంత రీచార్జి యుండవలెను. చాలమంది యిక్కడనే ఆగిపోయి యాప్ చెడినదనుకొందురు. పాత పిన్ను పనిచేయును. మరచినచో డెబిట్ కార్డు చివరి యారంకెలతోను, గడువుతేదీతోను క్రొత్తది పెట్టుకొనవచ్చును. యూపీఐ లైట్ పేర చిల్లరసొమ్ము వేరుగా పెట్టుకొన్నవారు మాత్రము, బుద్ధిపూర్వకముగా యాప్ తొలగించుటకు ముందు దానిని బ్యాంకులోనికి మరల్చుకొనుట మేలు.

ఫొటోలు గూడ నట్లే. గూగుల్ ఫొటోస్ యాపును తొలగించినంతమాత్రమున ఫొటోలు తొలగవు. ఫొటోలనే చెరిపినయెడల, ఖాతాలో దాచబడినవి 60 దినములు, దాచబడనివి 30 దినములు బుట్టలో నుండి పిమ్మట పోవును. 2015లో మొదలైన డిజీలాకర్ లోని పత్రములకును, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2025 జనవరిలో వాట్సాప్ ద్వారా నారంభించిన “మన మిత్ర” సేవలో తెచ్చుకొన్న పత్రములకును మూలము సర్కారువారియొద్దనే యున్నది, మరల తెచ్చుకొనవచ్చును.

ఉద్యోగముచేయు స్త్రీలలో కొందరు ఆఫీసు ఖాతాలు తెరచుటకు, అర నిమిషమున కొకమారు మారు అంకెలు చూపు అథెంటికేటర్ యాపును వాడుచుందురు. గూగుల్ వారి యాపులో 2023 ఏప్రిల్ నుండి ఆ సంకేతములను ఖాతాలో దాచు వీలు కలిగినది. దానిని వాడనివారికి యాప్ పోయిన తాళపుచెవి పోయినట్లే. గూగుల్ ఖాతాకు పది బ్యాకప్ సంకేతములు ముందుగానే తీసి కాగితముపై వ్రాసియుంచుకొను నవకాశమున్నది.

రాబట్టలేనివి గూడ కలవు. మా స్వానుభవమే చెప్పెదము. మేము పాలలెక్క, చాకలిపద్దు, చీటీపాటల వాయిదాలు ఒక చిన్న యాపులో మూడేండ్లు వ్రాసితిమి. దానికి ఖాతా లేదు, పాస్‌వర్డు లేదు, ఎంత సులువుగా నున్నదో యని మురిసితిమి. ఒకనాడు చోటుకొరకు ఏవేవో తొలగించుచు దానినిగూడ తొలగించితిమి. మరల దించగా తెల్లకాగితము వచ్చినది. ఆండ్రాయిడ్ ఫోనులలో 2015 నుండి ఒక్కొక్క యాపునకు 25 ఎంబీ వరకు లోపలివిషయము గూగుల్ ఖాతాలో దానంతటదే దాచబడు నేర్పాటున్నది, సెట్టింగులలో గూగుల్ అనుచోట “బ్యాకప్” తెరచియుంచినవారికి కొన్ని యాపులు మరల దించగానే లెక్కలతోనే దిగును. కాని యాప్ తయారుచేసినవారు వలదన్నచో దాచబడదు, మాది అట్టిది. పాలవాడు తన గోడపై బొగ్గుతో గీచిన గీతలే మాకు సాక్ష్యమైనవి. మా లెక్కకంటె రెండు లీటర్లు తక్కువయే చెప్పినాడని యొప్పుకొనవలెను.

మా వదినగారి సంగతి వేరు. ఆమె తమ అత్తగారు పాడు మంగళహారతులను ఫోనులో రికార్డు చేసియుంచిరి. ఆ రికార్డరు యాప్ తొలగిపోగా ఆమె వణికిపోయిరి. అనేక ఫోనులలో నట్టి రికార్డులు యాపు కడుపులో గాక ఫోనులోని ఫోల్డరులో నుండును. “ఫైల్స్” అనునది తెరచి “ఆడియో” అనుచోట చూడగా హారతులన్నియు తేదీలవారీగా నుండెను. ఫైల్స్ చూడకుండ ఏడ్వవలదని అప్పటినుండి మేమందరికిని చెప్పుచున్నాము.

ఇక వాట్సాప్. పిన్నిగారి కథ నిక్కడ చెప్పవలెను.

వాట్సాప్ తొలగించిన ఖాతా పోదు, మన గుంపులనుండి పేరును పోదు. అందులోని సంభాషణల ప్రతి మాత్రము, ఆండ్రాయిడ్ ఫోనులోనైనచో గూగుల్ ఖాతాలోను, ఐఫోనులోనైనచో ఐక్లౌడ్ లోను దాచబడును. అదియు మనము ముందొప్పుకొనియుండిననే. యాప్ మరల దించి, అదే ఫోను నంబరుతో, అదే గూగుల్ ఖాతాతో తెరచినయెడల, ఆరంకెల సంకేతము వచ్చిన పిమ్మట “పాత ప్రతి కనబడినది, రిస్టోర్ చేయుదునా?” అని యది యడుగును. ఆ ప్రశ్న ఒక్కమారే యడుగును. దాటవేసి లోపలికి పోయితిమా, లోపల నెంత వెదకినను ఆ ప్రశ్న మరల కనబడదు. ఎదురింటి పిల్లవాడు తొందరలో “స్కిప్” నొక్కినాడు. పాపము, వానికి తెలియదు.

దానికి మందు, ఆ క్రొత్త యాపును మరల తొలగించి, మరల దించి, ఈమారు ప్రశ్నకు సరియైన జవాబు చెప్పుటయే. కాని యిందు కాలముతో పందెమున్నది. దినమునకొక ప్రతి తీయుమని నియమించియున్నచో వాట్సాప్ సాధారణముగా రాత్రి రెండుగంటల ప్రాంతమున ప్రతి తీయును. ఖాళీయాపు నుండి తీసిన క్రొత్త ప్రతి పాత ప్రతియున్నచోటికే పోయి కూర్చుండును. అనగా నా రాత్రి గడచినచో బాబాయిగారి మాటలకు బదులు ఖాళీప్రతి మిగులును. మేము పోయినప్పటికి సాయంకాల మారుగంటలు. ఎదురింటి పిల్లవాడు దించినది మధ్యాహ్నము మూడింటికి.

ముందుగా గూగుల్ డ్రైవులోని బ్యాకప్పుల పట్టిక తెరచి వాట్సాప్ ప్రతి తేదీ చూచితిమి. ఆ తెల్లవారుజాముదే. పిన్నిగారికి చెప్పితిమి గాని ఆమె నమ్మలేదు. యాపును తొలగించునప్పుడు “మళ్ళీ తీసేస్తున్నావేమే అమ్మాయీ” అని చేయి పట్టుకొనిరి. చార్జరు తగిలించితిమి, ఎదురింటివారి వైఫై కలిపితిమి, మరల దించితిమి. సంకేతసంఖ్య వెంటనే రాలేదు. ఒకేదినమున పలుమారు లడిగినయెడల కొంతసేపాగుమని చెప్పును. ఆగవలసినదే, తొందరపడి నొక్కినకొద్ది గడువు పెరుగును. అరగంట గడచినది. అంకెలు వచ్చినవి. ప్రశ్న వచ్చినది. ఎదురింటి పిల్లవాడు మా ప్రక్కనే నిలుచుండి, “రిస్టోర్, ఆంటీ, రిస్టోర్” అని రెండుమారులు చెప్పెను.

వ్రాతమాటలు ముందుగా వచ్చినవి. గొంతుకమాటల గుర్తులు వరుసగా కనబడుచున్నవి గాని నొక్కిన పలుకవు. పిన్నిగారు మరల దిగులుపడిరి. ఇట్టివేళ కంగారుపడి యాపు మూయరాదు. వ్రాతలు మొదట దిగి, ఫొటోలు, ధ్వనులు పిమ్మట మెల్లమెల్లగా దిగును. ఎన్ని దిగినవో తెరపై చూపుచుండును. మేమందరము అక్కడనే భోజనము చేసితిమి. రాత్రి తొమ్మిదింటికి మొదటిది పలికినది. పెరటితలుపు గడియమాటయే. పిన్నిగారు, “పెట్టానండీ” అని ఫోనుకు జవాబు చెప్పిరి.

ఇందులో నదృష్టమునకుగూడ పాలున్నదని మేమెరుగుదుము. ఆమె గూగుల్ ఖాతాలో చోటు నిండియుండినచో ప్రతియే యుండకపోవును. ఉచితముగా నిచ్చు 15 జీబీలో వాట్సాప్ ప్రతులనుగూడ లెక్కించుట 2024 మొదలుకొని అలవాటైనది, నిండినయెడల ప్రతి తీయుట ఆగిపోవును, మనకు తెలియదు. మరియు 2021 నుండి ఈ ప్రతులకు ప్రత్యేకముగా తాళము వేసికొను వీలు కలిగినది. ఆ సంకేతపదముగాని 64 అంకెల తాళముగాని మరచినవారికి ఆ కంపెనీవారును తెరచియీయలేరు. తాళము వేసికొనుట మంచిదే, వ్రాసియుంచుకొనుట యింకను మంచిది.

ఇట్టి దిగులులో నున్నవారికొరకే కాచుకొనియుండు దొంగలున్నారు. యాప్ పోయిన తొందరలో ఇంటర్నెట్టులో “కస్టమర్ కేర్” అని వెదకి, కనబడిన మొదటి నంబరునకు ఫోను చేసినచో, అవతలివాడు “అమ్మా, భయపడకండి” అని తెలుగుననే మాటలాడి, ఎనీడెస్క్ వంటి, తెరను దూరమునుండి చూపు యాపు నొకటి దించుమనును. దించి, వాడడిగిన యంకెలు చెప్పినయెడల మన తెర వాని కండ్లయెదుట నుండును, బ్యాంకులో నున్నది ఖాళీయగును. పెండ్లిపత్రికయనియు, ట్రాఫిక్ చలానాయనియు వాట్సాపులో వచ్చు ఏపీకే దస్త్రములును ఇట్టివే. పెండ్లిపత్రిక బొమ్మగానో పీడీఎఫ్ గానో వచ్చునుగాని యాపుగా నేల వచ్చును? పొరపాటున నట్టిది నొక్కి డబ్బు పోయినయెడల సిగ్గుపడి దాచకుడు. వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుడు. ఎంత త్వరగా చెప్పిన అంత మేలు, సొమ్ము చేతులు మారకముందే బ్యాంకులలో నిలిపివేయుట కవకాశముండును. యాప్ తొలగినందుకు ఎవరికిని డబ్బీయనక్కరలేదు, ఎవరికిని తెర చూపనక్కరలేదు.

మరునాడు మేము పెన్‌డ్రైవు నొకటి తీసికొనిపోయితిమి. బాబాయిగారి సంభాషణను తెరచి, “ఎక్స్‌పోర్ట్ చాట్” అనుదానితో ధ్వనులతోసహా ప్రతి తీసి, ఎదురింటివారి కంప్యూటరులోనుండి ఆ పెన్‌డ్రైవులో నింపితిమి. ఆ పని పిల్లవాడే చేసెను. ఫోను సెట్టింగులలో హోమ్ స్క్రీన్ అనుచోట “లాక్ హోమ్ స్క్రీన్ లేఅవుట్” అనుదానిని తెరచితిమి, ఆమెది సామ్‌సంగ్ ఫోను గనుక. ఇక మనుమడు ముందుతెర గుర్తులను లాగినను కదలవు. ఐఫోను గలవారు స్క్రీన్ టైమ్ లోని నిబంధనలలో యాపులు తొలగించుటకు వీలులేకుండ చేసికొనవచ్చును.

పిన్నిగారు తమ పద్దుపుస్తకము కడపటిపుటలో, గూగుల్ ఖాతా పేరు, ఏ నంబరుతో వాట్సాప్ తెరచినది, ప్రతి ఎప్పుడు తీయబడును, 1930 అను నాలుగు పంక్తులు మాచేత వ్రాయించుకొనిరి. పాస్‌వర్డు మాత్రము మాకు చెప్పలేదు. దానిని తామే, మేము వంటయింటిలోనికి పోయినప్పుడు, వేరొకచోట వ్రాసికొనిరి. పెన్‌డ్రైవును పూజామందిరపు సొరుగులో, బాబాయిగారి కళ్ళజోడు పెట్టెలో ఉంచిరి.